గొంగడి పోగుతో కుట్టిన చుక్క

చంద్రశిలా నగరపు కోట కనబడగానే కొమ్మన గుర్రాన్ని ఆపి, జీనుకు అడ్డంగా వేసిన గొంగడి మూటను చేత్తో తట్టాడు.

"అవ్వా, బతికే ఉండావా?"

మూటలోంచి ముందు దగ్గు వచ్చింది. తరవాత తిట్టు వచ్చింది.

"గొర్రెపిల్లనైనా ఇట్టా ఎయ్యరు కదరా గుర్రం మీద! నా పేగులన్నీ నోట్లోకొచ్చినాయి. ఇంకెంత దూరం?"

"కోట కనబడతా ఉంది. గుమ్మం కాడ దగ్గినావంటే ఇద్దరి తలకాయలూ పోతాయి."

"దగ్గు నేను రమ్మంటే వస్తందా, పొమ్మంటే పోతందా?" అని మూట గొణిగింది.

మూటలో ఉన్నది మైలమ్మ అనే ముసలి కాపరి. సింహపు గుట్టల్లో గొర్రెలు కాచుకునే ఆవిడను అక్కడి నుంచి ఎత్తుకొచ్చినంత పని చేశాడు కొమ్మన. దారిలో కొండచిలువ గుర్రం కాలు చుట్టుకుంటే దాన్ని నరికాడు. నిప్పులు కక్కే సొరంగం ముందు గొంగడిని నీళ్ళలో తడిపి ఇద్దరూ కప్పుకుని అవతలికి పరిగెత్తారు. కనుబొమలు కాలిపోయాయి, మనుషులు మాత్రం మిగిలారు. ఇదంతా ఎందుకంటే, ఈ రోజు పొద్దు నడినెత్తి దాటేలోగా మైలమ్మ రాజుగారి ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే కొమ్మన అన్న అయ్యనను కాకిబండ మీది నుంచి నదిలోకి తోసేస్తారు.

అయ్యన చేసిన నేరం తన చుక్కకు పట్టుదారం వేయించుకోకపోవడం.

చంద్రశిల రాజ్యంలో చుక్క అంటే అరచేతిలో ఇమిడే బంగారు నక్షత్రం. సాటి మనిషి ప్రాణం కాపాడినవాడికి నిండు సభలో రాజు ఇస్తాడు. అయితే దాన్ని రాజు కుట్టడు. ప్రాణం దక్కినవాళ్ళే తమ ఒంటి మీది బట్టలోంచి ఒక పోగు లాగి, కాపాడినవాడి అంగీకి తమ చేతులతో కుట్టి, "నేను చూశాను" అనాలి. ఆ మాట అంటేనే అది చుక్క, లేకుంటే ఉత్త బంగారపు ముక్క. పూర్వం కోటలో తిరిగే వీరుల గుండెల మీద చుక్కలు చూస్తే ఒకటి చేపల వల దారంతో, ఒకటి పసిపిల్ల పొత్తిగుడ్డ పోగుతో, ఒకటి పెళ్ళిచీర జరీతో ఉండేవట. చూడ్డానికి ఏమంత బాగుండేవి కావు. కానీ అందరికీ అర్థమయ్యేవి.

తరవాత పద్ధతులు మారాయి. యుద్ధానికి వెళ్ళినందుకు చుక్క, యుద్ధం నుంచి తిరిగొచ్చినందుకు చుక్క, రాజుగారి పాటకు తల ఊపినందుకు చుక్క ఇవ్వడం మొదలుపెట్టారు. కాపాడబడినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పోగు ఎక్కడి నుంచి తేవాలో తెలియక, ఖజానా నుంచి పట్టుదారం ఇచ్చారు. పట్టుదారం తళతళలాడేసరికి పాత చుక్కలవాళ్ళకు తమ ముతక పోగులంటే సిగ్గు పుట్టింది. ఆ సమయానికే ఎక్కడి నుంచో స్వర్ణకంఠుడనే పండితుడు వచ్చి తారాధికారి పదవిలో కూర్చున్నాడు. చుక్కలున్నవాళ్ళంతా తన దగ్గరికి వచ్చి పట్టుదారంతో తిరిగి కుట్టించుకోవాలనీ, ముతక పోగు చుక్కలు దొంగ చుక్కలుగా లెక్కలోకి వస్తాయనీ చాటింపు వేయించాడు. అందరూ పరిగెత్తుకుంటూ వెళ్ళారు.

వెళ్ళనిది పడవ నడిపే అయ్యన ఒక్కడే.

"మీ అన్న చుక్క సంగతి నాకు తెలవకుండా ఉంటదా?" అంది మైలమ్మ మూటలోంచి. "శీతధార ఏరు పొంగిన రోజున నీ అన్న నా గొంగడి కొస పట్టుకుని లాగినాడు. వాడి చెయ్యి పుట్టిపడవకీ బండకూ మధ్య నలిగిపోయింది గానీ గొంగడి వదల్లేదు. అవును గానీ అబ్బోడా, ఆ పుట్టిలో తెడ్డేసింది నువ్వే కదా. నీకెందుకియ్యలేదురా చుక్క?"

"గొంగడి పట్టుకున్నది అన్న. నేను పట్టుకున్నది తెడ్డు. తెడ్డును ఎవరు చూస్తారవ్వా?" అని కొమ్మన గుర్రాన్ని అదిలించాడు.

చంద్రశిల కోట గుమ్మం ముల్లోకాల్లో ఎక్కడా లేని వింత. పాలరాతి మెట్ల వరసకు రెండు పక్కలా తాటిచెట్టంత ఎత్తున రెండు కంచు మరబొమ్మలు నిలబడి ఉంటాయి. వాటి కళ్ళు కెంపులు. చేతుల్లో ఉక్కు గదలు. మామూలు రోజుల్లో జనం పక్క గుమ్మాల్లోంచి వెళతారు. ఎవరికైనా మరణశిక్ష వేసిన రోజున పక్క గుమ్మాలు మూసేసి ఈ పెద్ద గుమ్మం ఒక్కటే తెరుస్తారు. ఎదురుగా చుక్క తళుక్కుమంటే గదలు పైకి లేస్తాయి. చుక్క లేకుండా మెట్టు ఎక్కినవాడి మీద గదలు దిగుతాయి. మెట్ల మీది పాలరాయి అక్కడక్కడా ఎర్రబారి ఉండటానికి కారణం అదే. గుమ్మం పైన ముత్యాల తోరణాలూ, వాటి మీద వాలి నిద్రపోయే తెల్ల పావురాలూ, ఆ పైన వెండి గంటలూ. చూసేవాడికి కళ్ళు చెదురుతాయి. లోపలికి పోవలసినవాడి చూపు మాత్రం గదల మీదే ఉంటుంది.

కొమ్మనకు చుక్క లేదు. కానీ అతని ఒంటి మీద ఎర్ర మఖమల్ అంగరఖా ఉంది, దాని మీద ఒక చుక్క ఉంది. అది కుంభసేనుడనే సామంతుడిది. అతగాడు రేవు దగ్గర కల్లు తాగి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, అంగరఖా, తలపాగా, గుర్రం తీసుకుని, చలి వేయకుండా తన దుప్పటి అతని మీద కప్పి వచ్చాడు కొమ్మన. ఆ మాత్రం మర్యాద అతనికి తెలుసు.

గుర్రం మొదటి మెట్టు ఎక్కింది. కంచు బొమ్మల మెడలు కిర్రుమని తిరిగాయి. కెంపు కళ్ళు చుక్క మీద నిలిచాయి. గదలు పైకి లేచాయి. సరిగ్గా అప్పుడు మైలమ్మ దగ్గింది.

కాపలావాడు ఈటె అడ్డం పెట్టి, వెంటనే నాలిక కరచుకుని తీసేశాడు.

"దొరవారు మన్నించాలి. మూట దగ్గినట్టు..."

"నేనే దగ్గాను," అన్నాడు కొమ్మన.

"ఆడ గొంతులాగా వినబడింది దొరా."

కొమ్మన మీసం దువ్వి, గొంతు లావు చేసి, "చుక్క ఉన్నవాడిని ప్రశ్నిస్తున్నావా?" అన్నాడు.

కాపలావాడు గుర్రం కాళ్ళ మీద పడ్డాడు. ఆ రాజ్యంలో అంతే. చుక్క ఉన్నవాడు ఏనుగును భుజాన వేసుకుని పోతున్నా అదేమిటని అడగరాదు.

గుమ్మం దాటాక మూటలోంచి చిన్న నవ్వు వినబడింది. కొమ్మన నవ్వలేదు. అతనికి ఇంకో సంగతి తెలిసి వచ్చింది. ఎడమ రొమ్ము మీద చుక్క ఉన్న చోట బట్ట ముందుకు లాగుతోంది, లోపల ఎవరో వేలు పెట్టి గుంజినట్టు. నిటారుగా కూర్చుంటే లాగుతోంది, ముందుకు వంగితే తగ్గుతోంది.

"ఏందిరా అట్టా నా మీద పడతా ఉండావు?" అంది మూట.

"నేను పడడం లేదవ్వా. ఈ అంగీ పడతా ఉంది."

చుక్క లాగుతున్న వైపే కాకిబండ ఉంది.

కాకిబండ కోట వెనక గోడను ఆనుకుని, నది మీదికి పొడుచుకు వచ్చిన నల్ల రాయి. కింద ఎంతో లోతున శీతధార, ఆ నీళ్ళలో ఎండకు వీపులు ఆరబెట్టుకునే మొసళ్ళు. నదికి అవతలి ఒడ్డున పొగమంచులో ఒక పాడు కోట. దాన్ని నల్లకోట అంటారు, అక్కడికి ఎవరూ పోరు. బండ మీద ఆ రోజు చంద్రశిల పరివారమంతా కొలువు తీరింది. ఒకరి గుండెల మీద చుక్క ఇంకొకరి కళ్ళలో పడి మెరుస్తుంటే ఎవరూ ఎవరి ముఖమూ సరిగా చూడలేకపోతున్నారు.

వాళ్ళందరిలో ఎక్కువగా మెరిసేవాడు సేనాని రణభేరుండుడు. గుండెల మీద చోటు చాలక చుక్కలు వీపు మీదికి పాకాయి. నడిస్తే గజ్జెల ఎద్దు వస్తున్నట్టు చప్పుడు. ఆయన పక్కన సింహాసనంలో కుర్ర రాజు ధవళకీర్తి. ఆయనకు ఒకటే చుక్క, అది పుట్టినందుకు ఇచ్చింది.

బండ అంచున ఇనుప కడియానికి, నడుముకు బిగించిన మోకుతో కట్టేసి ఉన్నాడు అయ్యన. మనిషి దిట్టంగా ఉంటాడు. ఎడమ చేతి వేళ్ళు నలిగి వంకర తిరిగి ఉంటాయి. ముతక అంగీ మీద ఒక్క చుక్క, నల్ల ఉన్ని పోగుతో గొర్రె గుర్తు పెట్టినట్టు అడ్డదిడ్డంగా కుట్టినది.

తారాధికారి స్వర్ణకంఠుడు అతని ముందు నిలబడి ఉన్నాడు. ఎముకల గూడు లాంటి మనిషి, చేతిలో పెద్ద బంగారు నక్షత్రం పొదిగిన కర్ర.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ చీదర పోగు పీకి పట్టుదారం వేయించుకుంటావా, లేదా?"

"అయ్యా, చుక్క కావాలంటే తీసుకోండి," అన్నాడు అయ్యన. "పోగు మాత్రం ఇయ్యను. అది నాది కాదు, ఆమెది."

"విన్నారా ప్రభూ! తనది కాదని తనే ఒప్పుకున్నాడు!"

సభ గొల్లున నవ్వింది. రాజు నవ్వలేదు, ఆకాశం వైపు చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"సాక్షి రాలేదు. ఇక మేమేమి చేయగలం?" అన్నాడు రాజు.

"సాక్షి వచ్చింది!" అని గుర్రం మీది నుంచి అరిచి, మూటను దింపి ముడి విప్పాడు కొమ్మన.

గొంగడిలోంచి మైలమ్మ దొర్లి బయటపడింది. నడుము పట్టేసి లేవలేకపోయింది. "చెయ్యియ్యరా ముందు!" అని కొమ్మనను కసిరి, లేచి, గొంగడి భుజాన వేసుకుని, సింహాసనం ఎదటికి కుంటుకుంటూ వెళ్ళింది. రాజులను ఎలా సంబోధించాలో ఆమెకు తెలియదు.

"నాయనా, రాజా! నేను చూశాను. ఏట్లో కొట్టుకపోతా ఉంటే నన్ను పట్టుకున్నది ఈ అయ్యనే. మీ నాయన ఎదురుగానే కుట్టినాను ఆ చుక్కను. అప్పుడు నువ్వు దాది ఒళ్ళో కూర్చుని నా కర్ర కోసం ఏడ్చినావు."

"గొర్రెలు కాసేదాని మాట సభలో చెల్లదు!" అని స్వర్ణకంఠుడు గద్దించాడు.

"నా మాట చెల్లకపోతే దీన్ని చూడు." మైలమ్మ గొంగడి అంచు చాపి పట్టింది. నేతలో ఒక చోట పోగు లాగేసిన సన్నటి సందు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. "ఇందులోంచి లాగినదే అది. చీకుచింతా లేని దొరలు గదా, కళ్ళు బాగానే కనపడాలే మీకు."

రాజు సింహాసనం దిగి వచ్చాడు. గొంగడి అంచును అయ్యన గుండె మీది పోగు పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే నలుపు, ఒకటే పురి.

"సాక్ష్యం సరిపోయింది. ఇతన్ని విడిచి..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు స్వర్ణకంఠుడు. కర్ర ఎత్తి బండను పొడిచాడు. దాంతో అతని ఒంటి మీది పట్టుబట్టలు బూడిదై రాలాయి. లోపల కపాలమాలలు, పులితోలు, నిప్పుల్లాంటి కళ్ళు. నల్లకోట మాంత్రికుడు కాలదండి!

"ఆ ఒక్క ముతక పోగు తెగిపడి ఉంటే చంద్రశిల మొత్తం రెప్పపాటులో నా గుప్పిట్లో పడేది!" అని వికటంగా నవ్వాడు. "పోనీలే, నిదానంగానే తీసుకుపోతాను. వెర్రివాళ్ళలారా, చుక్కల్లో ఏమీ లేదు. ఉన్నదంతా మీరు ముచ్చటపడి వేయించుకున్న దారంలోనే ఉంది. ప్రతి పట్టుపోగునూ నా చేతులతో శ్మశాన ధూపంలో ఆరబెట్టాను. రండి!"

పొగమంచులోంచి ఏనుగంత రాబందు వచ్చి బండ మీద వాలింది. మాంత్రికుడు దాని మెడ మీదికి ఎగిరి కూర్చుని కర్ర తిప్పాడు. ఒక్కసారిగా బండ మీది చుక్కలన్నీ జిల్లున మోగాయి. దండనాయకులు, సామంతులు, పాటకు తల ఊపినవాళ్ళు, అందరి గుండెలూ ముందుకు పొడుచుకు వచ్చాయి. కాళ్ళు వెనక ఈడుస్తుండగా నది వైపు జారడం మొదలుపెట్టారు. రాబందు గాలిలోకి లేచింది. వీళ్ళూ ఒకరి తరవాత ఒకరు, కొక్కేనికి తగిలించిన మేకపోతుల్లాగా, అంచు దాటి ఆకాశంలోకి లేచారు.

కొమ్మనను కూడా చుక్క ఈడ్చుకుపోయింది. రాతి పగులు పట్టుకున్నాడు, గోళ్ళు ఊడొచ్చాయి. కాలు అంచు దాటింది. కింద మొసళ్ళు.

"విప్పెయ్యరా ఆ దిక్కుమాలిన అంగీ!" అని మైలమ్మ అరిచింది.

ఆ మాట చెవిలో పడేదాకా అతనికి కూడా ఆ ఆలోచన రాలేదు. విప్పితే తను చుక్క లేని దొంగ సామంతుడని అందరికీ తెలుస్తుంది, దానికి శిక్ష కూడా ఈ కాకిబండే. ఆలోచించడానికి తీరిక లేదు. పక్క ముడి ఒక్క గుంజు గుంజాడు. అంగరఖా అతని ఒంటి మీది నుంచి జారిపోయి, రెక్కలొచ్చినట్టు చేతులాడిస్తూ ఒక్కటే రాబందు వెంట ఎగిరిపోయింది. కొమ్మన గోచీతో బండ మీద బోర్లా పడ్డాడు.

అంతే. ఒక్క ముడి. ఆ మాత్రపు పని.

లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాడు. "అయ్యలారా, అంగీలు విప్పండి! ముడి లాగితే చాలు, అంగీలు విప్పెయ్యండి!"

అందరూ విన్నారు. ఒక్కడూ విప్పలేదు. కొందరు రెండు చేతులతో చుక్కలను ఇంకా గట్టిగా గుండెకు అదుముకున్నారు. ఒక ముసలి సామంతుడు గాలిలో తేలిపోతూ, "గోచీపాతగాడు చెబితే మేము వినాలా!" అని కోప్పడుతూనే పొగమంచులో కలిసిపోయాడు.

రాజు ధవళకీర్తి వంతు వచ్చింది. ఒకే చుక్క కాబట్టి మెల్లగా జారుతున్నాడు గానీ, జారడం మాత్రం జారుతున్నాడు. అయ్యన పక్కగా వెళుతుండగా ఆయన కాళ్ళు నేల విడిచాయి. అయ్యనను కట్టిన మోకు పొడవు తక్కువే, అయినా ఒక్క దూకు దూకి, నలిగిన ఎడమ చేత్తో రాజుగారి కాలి మడమ పట్టుకున్నాడు. మోకు బిర్రబిగిసింది. చంపడానికి కట్టిన తాడు ఇప్పుడు ఇద్దరినీ ఆపుతోంది. అయ్యన గుండె మీది చుక్క మాత్రం కదలలేదు, మెదలలేదు. అది గొర్రె ఉన్నితో కుట్టిన చుక్క. దానికి మాంత్రికుడెవరో తెలియదు.

"ప్రభూ, ముడి విప్పండి!"

"ఇది... ఇది మా తాతగారు నేను పుట్టినప్పుడు..." రాజు గాలిపటంలా ఊగుతూ నసిగాడు.

"నా చెయ్యి పాతది ప్రభూ, ఎంతోసేపు ఆగదు. మీ తాతగారేమీ అనుకోరు. విప్పండి!"

రాజు కిందికి చూశాడు. తన మడమను పట్టుకున్న వంకర వేళ్ళను చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ముడి లాగాడు. అంగరఖా చుక్కతో సహా ఎగిరిపోయింది. చంద్రశిలాధీశ్వరుడు దబ్బున వచ్చి పడవవాడి మీద పడ్డాడు.

కాసేపటికి రాజు లేచి కూర్చుని, ఉత్త ఒంటితో, "ఎవరక్కడ! ఇతని కట్లు విప్పండి!" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఎవరూ మిగలలేదు మరి. అటూ ఇటూ చూసి, తనే మోకాళ్ళ మీద కూర్చుని మోకు ముడి విప్పడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక ముడి విప్పింది ఇప్పుడే, ఇది రెండోది. అందుకని చాలాసేపు పట్టింది.

"అట్టా కాదు నాయనా, ముందు ఈ కొస లాగు," అని మైలమ్మ నేర్పింది.

మోకు ఊడి అయ్యన విడిపడ్డాడు. కొమ్మన అన్న వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. వెనక నుంచి ఎవరో జుట్టు ముడి పట్టుకుని పైకి లేపారు.

రణభేరుండుడు! చుక్కలు ఎంత గుంజినా ఇంతసేపూ బండ మీది ధ్వజస్తంభాన్ని కౌగిలించుకుని ఉండి, ఇప్పుడు పట్టు జారి గాలిలో దొర్లుతూ వచ్చి, చేతికందిన జుట్టు పట్టుకున్నాడు. బండ అంచు, రాజు, అవ్వ, అన్న, అందరూ కొమ్మన కాళ్ళ కింద చిన్నబోయారు.

"ఒరే కొమ్మా!" అన్న కేక కింది నుంచి వినబడింది. "అడుగున మొసళ్ళ మడుగురా! తూరుపు పక్క లోతుంది, మరిచిపోవాకు!"

కొమ్మన జుట్టు ఊడిపోకుండా ముందు సేనాని నడుము పట్టుకున్నాడు, తరవాత వీపు మీదికి పాకాడు. ఎక్కడ చేయి వేసినా చుక్క మొనే. చంకలు గీసుకుపోయాయి. ముందు ఆకాశంలో రాబందు, దాని వెనక కొలువు మొత్తం బారులు తీరి, మధ్యాహ్నపు ఎండలో ధగధగా మెరుస్తూ నల్లకోట వైపు సాగిపోతోంది. అంత అందమైన ఊరేగింపు చంద్రశిల చరిత్రలో జరిగి ఉండదు.

"వదలకు! నన్ను వదలకు నాయనా!" అని సేనాని ఏడుస్తున్నాడు.

"నేనెక్కడ పట్టుకున్నాను దొరా, మీరే నా జుట్టు పట్టుకున్నారు. ఈ అంగరఖా ముడి ఎక్కడుంది?"

"నా చుక్కల జోలికి రాకు!" ఏడుపు ఆగి, సేనాని గొంతులో పాత అధికారం వచ్చింది. "వీటిని ఎంత కష్టపడి సంపాదించానో నీకేమి తెలుసు?"

"ఎవరిని కాపాడినారు దొరా?"

సేనాని ఆలోచించాడు. నల్లకోట బురుజులు దగ్గరపడుతున్నాయి. బురుజుల మీద ఇనుప పంజరాలు, వాటి తలుపులు తెరిచి ఉన్నాయి. ముందు వెళ్ళినవాళ్ళు పంజరాల్లోకి వెళ్ళి పడుతున్న చప్పుడు, చుక్కలు ఇనుముకు తగిలి గణగణమంటున్న చప్పుడు. రాబందు వెనక్కి తిరిగి చూసింది.

కొమ్మన కిందికి చూశాడు. మొసళ్ళ మడుగు దాటిపోయింది. తూరుపు పక్క నీలంగా, లోతుగా, సుళ్ళు తిరుగుతూ శీతధార కనబడింది. ఆకాశంలో అతనికి ఏమీ తెలియదు గానీ నది సంగతి వేరు. చిన్నప్పటి నుంచి అందులోనే తిండి, అందులోనే బతుకు. మొలతాటి కత్తి తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, సేనాని వీపు మీద తడిమి, చుక్కల కింద అణిగిపోయిన ముడిని పట్టుకున్నాడు. ఎన్నడూ విప్పని ముడి, బిగుసుకుపోయి రాయిలా ఉంది. దాని మీద కత్తి ఆనించాడు.

"సేనాని గారూ, ఈత వచ్చా?"

"రాదు! నాకు ఈత రాదు!"

"అయితే మంచిదే," అన్నాడు కొమ్మన. "తెడ్డు పట్టుకున్నప్పుడు ఎవరూ చూడలేదు. ఈసారి మీరు చూస్తారు. ఒడ్డుకు చేరినాక మీ పంచెలోంచి ఒక పోగు లాగి ఇయ్యాలి, మాట తప్పకూడదు."

మాట తీసుకున్నాక గానీ అతను కత్తి లాగలేదు. ముడి తెగింది. అంగరఖా ఒక్కటే గలగలమంటూ నల్లకోటకు వెళ్ళిపోయింది. పంచెతో సేనానీ, గోచీతో పడవవాడూ, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, నీలపు సుడి మధ్యకు రాయిలా పడిపోసాగారు. వాళ్ళ తలల మీద రాబందు నీడ గిరుక్కున వెనక్కి తిరిగింది.